సభ్యుడు నంబరు ఒకటి

మా గానుగ సంఘం వాటాల రిజిస్టరులో
మొదటి పేజీ, మొదటి గీత:
సభ్యుడు నంబరు ఒకటి, ప్రభుత్వం.
తండ్రి లేక భర్త పేరు, ఖాళీ.
వయసు, ఖాళీ.
వేలిముద్ర ఉండాల్సిన చోట
గుండ్రటి ఊదారంగు ముద్ర.

నంబరు రెండు హొన్నూరమ్మ,
మూడు తిప్పక్క, నాలుగు ఖాసింబీ,
అట్లా నూటా పన్నెండు దాకా.
రాసింది నేనే, పదో తరగతి తప్పినా
చేతిరాత తప్పనివాణ్ణి.

మీరు ఐదొందలు వేస్తే సర్కారూ ఐదొందలు వేస్తాదని
ఉరవకొండ నుంచి వచ్చిన సారు చెప్పినప్పుడు
తిప్పక్క అడిగింది:
"ఏం సామీ, అదీ మాలెక్క మండీలో
తూకం పోగొట్టుకునిందా?"
సారు నవ్వలేదు. సంచి జిప్పు లాక్కున్నాడు.

ఐదొందలంటే అందరికీ ఐదొందలు కాదు.
హొన్నూరమ్మకది రెండు రోజుల కలుపు,
ఒక రోజు బుడ్డల వలుపు.
ఖాసింబీకి ఒక పెట్ట, దాని కింద పొదుగుతున్న గుడ్లు.
మారెక్క మొత్తం రూపాయి బిళ్ళలే తెచ్చి
నా ముందర కుప్ప పోసి
మూడుసార్లు లెక్కపెట్టించింది.
మూడుసార్లూ ఒకటి ఎక్కువే వచ్చింది.
ఆ ఒకటి కొంగున ముడేసుకుని పోయింది.

సర్కారు వాటా మాత్రం
ఒక కాగితమై వచ్చింది.
ఆ కాగితం సొమ్మయ్యేలోపు
నేను అనంతపురం బస్సు పదకొండుసార్లెక్కినా.

మొదటి మహాజనసభలో హాజరు పిలిచినా.
"నంబరు ఒకటి, ప్రభుత్వం."
మిషను బెల్టు చప్పుడు తప్ప పలుకు లేదు.
"రాల్యా, రాసుకోప్పా" అంది హొన్నూరమ్మ.
రాసుకున్నా, గైర్హాజరు.
అయినా ఎవరో దానికొక కుర్చీ తెచ్చి వేసినారు,
ఎర్ర ప్లాస్టిక్కుది, ఒక కాలు కొంచెం వంకర.
మేమంతా చాపల మీద.
ఆ యేడూ, పై యేడూ
ఖాళీయే వచ్చి అందులో కూర్చుంది.

మూడో యేడు ఊడలు దిగే వేళకు వాన ఎగ్గొట్టింది.
చెట్టు పీకితే మన్ను రాలింది, కాయ రాలేదు.
పోసేందుకు గింజ లేక
మిషను నోట్లో బల్లి గుడ్లు పెట్టింది.
బళ్ళారి సేటు కబురంపినాడు,
ఇనుము ధరకి తీసుకుంటానని.

ఆ రాత్రి కమిటీ కూర్చుంది.
ఒకరి మాట ఒకరు విననంత అరుపుల మధ్య
నేను కలం మూత తీసి, పెట్టి, తీసి.
చివరికి మారెక్క అంది:
"వాటా ఎనక్కి తీసుకుంటే ఐదొందలుంటాయి.
తీసుకోకుంటే మిషనుంటాది.
ఐదొందలు నాకెప్పుడూ నిలవనివే కదా."

ఆ మాట తీర్మానం భాషలో పట్టలేదు.
"సంఘమును కొనసాగించుటకు నిర్ణయించడమైనది"
అని రాసినా.
ముద్రలు పడినాయి. మారెక్కది
కింది కాగితం మీదికి కూడా దిగింది.

కన్నడ సీమ నుంచి కుసుమలు తెచ్చి ఆడినాం.
నువ్వులు ఆడినాం. చెక్క పాడిగొడ్ల వాళ్ళకమ్మినాం.
ఐదో యేడు లాభం తేలింది,
వాటాకు ఇరవై ఏడు రూపాయలు.

అందరికీ పంచాల, నంబరు ఒకటికి కూడా.
దాని నూటా పదకొండు వాటాలకు
రెండువేల తొమ్మిదివందల తొంభై ఏడు.
"వచ్చి ఏలిముద్రేసి తీసుకోమను" అంది తిప్పక్క.
డీడీ తీసి పంపినాం.
ఏడు నెలలకు రసీదు వచ్చింది,
సంఘం పేరులో ఒక అక్షరం తప్పుతో.
హొన్నూరమ్మ దాన్ని పటం కట్టించి
మిషను పైన మేకుకు తగిలించింది.

ఈసారి మహాజనసభలో
మోకాళ్ళు మడవలేక మారెక్క
నేరుగా పోయి ఎర్ర కుర్చీలో కూర్చుంది.
"నంబరు ఒకటి" అన్నా.
చాపల మీది తలలన్నీ అటు తిరిగినాయి.
"యాందప్పా నన్ను చూస్తారు?
కీళ్ళనొప్పి" అని
వక్క నోట్లో వేసుకుంది.

నంబరు ఒకటి గడిలో
ఈసారి ఏమీ రాయలేదు నేను.
ఆడిటరు అడుగుతాడు.
అడగనీ.